దెబ్బ తిన్న పిల్లోడికేనా మందు?

(జనవరి 3, సావిత్రీబాయి ఫూలే జయంతి రోజున మండల కేంద్రంలో జరిగిన తల్లిదండ్రుల సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం. - సం.)



నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాదు. బడిపంతుల్ని. మా నాయన సంతకం చెయ్యడం నా దగ్గరే నేర్చుకున్నాడు. మా ఇంటి మొత్తానికి డిగ్రీ చదివినోణ్ణి నేనే మొదలు. అందుకని తప్పులుంటే మీలో ఒకడిగా సర్దుకోండి.

ఇవాళ సావిత్రీబాయి పుట్టినరోజు. 1848లో పూనాలో ఆడపిల్లలకి బడి పెట్టి, ఆమె పాఠం చెప్పడానికి నడిచిపోతుంటే పైకులాలవాళ్ళు పేడ కొట్టారు, మట్టి కొట్టారు. సంచిలో ఇంకో చీర పెట్టుకుని బడికి పోయేదని మనం చెప్పుకుంటాం. బడిలో హింస అనగానే పిల్లలు పిల్లలు కొట్టుకోవడం అనుకుంటాం. మన జనం సంగతికొస్తే ఆ హింస బడి దారిలోనే మొదలయింది, అదీ పాఠం చెప్పే మనిషి మీదే మొదలయింది.

నేను చెప్పదల్చుకున్నది కౌన్సిలర్ల గురించి. కౌన్సిలర్ అంటే మునిసిపాలిటీ ఎన్నికల్లో గెలిచినాయన కాదు (మొన్న మన పల్లెలో ఒక పెద్దాయన అట్లాగే అనుకుని, బడికి ఆయనెందుకయ్యా అన్నాడు). పిల్లల మనసులో బాధేంటో కనుక్కుని మాట్లాడే మనిషి. సైకాలజిస్టు అనీ అంటారు. పిచ్చి డాక్టరూ ఈయనా ఒకటి కాదు. ఈ సంగతి ఇప్పుడెందుకొచ్చిందో చెప్తా. చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి.

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లోడొకడున్నాడు. పేరొద్దు. వాళ్ళ నాయన డప్పు కొడతాడు, కూలికి పోతాడు. పిల్లోడు నెమ్మదస్తుడు, లెక్కల్లో చురుకు. కిందటేడాది ఒకరోజు మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక, కంపాస్ బాక్సులో ములికి తీసి పక్క బెంచీ పిల్లోడి చేతిలో గుచ్చాడు. రక్తం కారింది. ఇంకేముంది, ఊళ్ళోనుంచి పెద్దమనుషులొచ్చారు. హెడ్మాస్టరు టి.సి. ఇచ్చి పంపిద్దామన్నారు. ఎనిమిదో తరగతి అయ్యేదాకా పిల్లోణ్ణి బడినుంచి తీసెయ్యడానికి వీల్లేదని విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెప్తోంది. ఆ కాగితం చూపించి ఆపాను. అప్పుడు మధ్యేమార్గంగా పట్నం నుంచి కౌన్సిలర్ని పిలిపించారు.

వచ్చింది పాతికేళ్ళ అమ్మాయి. మంచిదే, ఆమెని నేననేది లేదు. అరగంట కూచోబెట్టి తన కాగితంలో ఉన్న ప్రశ్నలన్నీ అడిగింది. నిద్ర పడుతుందా? కోపం వారానికెన్నిసార్లొస్తుంది? మీ నాన్న తాగుతాడా? ఇంట్లో గొడవలున్నాయా? అన్నీ అడిగి రాసిపెట్టి పోయింది. కోపం ఎక్కువ, కుదురు తక్కువ, ఇంటి వాతావరణం బాగాలేదు, నెలకోసారి మాట్లాడాలి, ఇదీ ఆ రాత సారం. ములికి గుచ్చేముందు ఏం జరిగిందన్న ప్రశ్న ఆ కాగితంలో లేదు. నీ కులమేంటి, దానిపేరు మీద నిన్ను ఎవరేమన్నారన్నది అసలే లేదు.

వాళ్ళ అమ్మ ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి గడప దగ్గరే నిలబడి, "మా వాడికి పిచ్చని రాశారంట గదా సారూ" అంది. కాదమ్మా అన్నాను. "మరి గుచ్చినోడికి కాగితం రాశారు, రోజూ వాణ్ణి గుచ్చినోళ్ళకేం రాశారు?" అంది. నాకు నోట మాట రాలా.

తర్వాత కనుక్కుంటే తెలిసింది. రెండు నెలలనుంచి అన్నం వరసలో వాణ్ణి పేరుపెట్టి పిలవడం మానేశారు. డప్పోడా అంటారు. వాడు వరసలో నిలబడితే వెనకోడు పళ్ళెంతో డప్పు వాయిస్తాడు, మిగతావాళ్ళు నవ్వుతారు. వాడి పళ్ళేన్ని కాలితో పక్కకి తోస్తారు. ఆ రోజు కూడా అదే జరిగింది. రెండు నెలల కిందట ఎట్లా మొదలయిందిరా అని అడిగా. వాడు నా మొహం చూసి, చూపు దించుకుని, "మీరు స్కాలర్‌షిప్ కాగితాలకి లేవమన్న రోజు నుంచి సార్" అన్నాడు.

ఆ పని చేసింది నేనే. పై ఆఫీసు నుంచి లిస్టు అర్జెంటుగా కావాలన్నారు. తరగతిలోకి పోయి "ఎస్సీ పిల్లలు లేచి నిలబడండి" అన్నా. వీడు ఆలస్యంగా లేచాడు. "లేవవేరా, సిగ్గా?" అని ఒకటి అంటించా కూడా. చేతిమీదే, గట్టిగా కాదు. కానీ అందరిముందు. మాలపల్లెలో పుట్టి, ఇదే మాట విని, ఇట్లాగే లేచి నిలబడి చదువుకున్నోణ్ణి నేను. అయినా నా నోట్లోంచి అదే మాటొచ్చింది. ములికి వాడి చేతిలో ఉన్నా, దాన్ని పదును పెట్టినోళ్ళలో నేనొకణ్ణి.

లేచి నిలబడమంటే ఇంత పెద్ద సంగతా అని మీలో కొందరికి అనిపించవచ్చు. 2004లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఒక పరీక్ష చేసి అచ్చు వేశారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లల్ని, పైకులాలవాళ్ళు 321 మంది, చమార్లు వగైరా కిందికులాలవాళ్ళు 321 మందిని తీసుకుని కాగితం మీద దారి వెతికే చిక్కుముడి బొమ్మలిచ్చారు. ఎన్ని విప్పితే అన్ని డబ్బులు. కులం మాట ఎత్తకుండా ఇచ్చినప్పుడు ఇద్దరూ సరిసమానంగా విప్పారు. వేరే గదుల్లో ఒక్కొక్క పిల్లోడి పేరూ, ఊరూ, కులమూ అందరిముందూ చదివి ఆ తర్వాత ఇచ్చారు. అప్పుడు మన పిల్లలు విప్పినవి ఐదో వంతు దాకా తగ్గిపోయాయి. అవే బొమ్మలు, అట్లాంటి పిల్లలే. మధ్యలో చేరింది ఆ పిలుపొక్కటే. ఈ సంగతి చదివిన రోజు నేను ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఎన్ని తరగతుల్లో లేవమన్నానో లెక్కపెట్టుకోబోయి మధ్యలో ఆపేశా.

మనం బి.ఇడి.లో సైకాలజీ చదవలేదా? చదివాం. పావ్లోవ్ కుక్కకి గంట కొడితే చొంగ కారింది, థార్న్‌డైక్ పిల్లి బోనులోంచి బయటికొచ్చింది. డి.ఎస్.సి.లో బిట్లు కూడా వచ్చాయి. మన వాడల్లోంచి వచ్చే పిల్లోడి మనసు గురించి ఒక్క బిట్టు రాలా.

నా చిన్నప్పుడు మా అయ్యవారొకాయన ఉండేవాడు. మిగతా పిల్లల్ని అరచేత్తో కొట్టేవాడు. చెవి మెలిపెట్టేవాడు. మమ్మల్ని మాత్రం పొడుగు బెత్తంతో దూరంనుంచి కొట్టేవాడు. ఒక్కోసారి బెత్తం విసిరేవాడు, మళ్ళీ మేమే తెచ్చి బల్లమీద పెట్టాలి. ముట్టుకోకుండా కొట్టే విద్య అది. గోడకుర్చీ, గుంజిళ్ళు అందరికీ ఉండేవి, ఆ దూరం మాత్రం మాకే. అంబేద్కర్ బడిలో గోనెపట్టా మీద విడిగా కూచున్నాడనీ, బంట్రోతు ఎత్తి పోస్తేనే నీళ్ళు, బంట్రోతు రాని రోజు నీళ్ళు లేవనీ ఆయనే రాసుకున్నాడు. అది ఇరవయ్యో శతాబ్దం మొదట్లో. 2022 జూలైలో రాజస్థాన్ జాలోర్ జిల్లాలో తొమ్మిదేళ్ళ దళిత పిల్లోణ్ణి పంతులు కొట్టాడు, ఆగస్టులో ఆ పిల్లోడు ఆస్పత్రిలో చనిపోయాడు. నీళ్ళకుండ ముట్టుకున్నందుకు కొట్టాడని ఇంటివాళ్ళు చెప్పారు. కుండ సంగతి అబద్ధమని బడి వాళ్ళన్నారు. పిల్లోడు మాత్రం లేడు.

చట్టాలకి కొదవలేదు. బడిలో కొట్టడాన్ని మన ఉమ్మడి రాష్ట్రం 2002లోనే విద్యా నియమాలు మార్చి నిషేధించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఒంటిమీద దెబ్బనీ, మనసుకి తగిలే వేధింపునీ రెంటినీ వద్దంది. చట్టం వచ్చే రోజుల్లోనే, 2009-10లో, జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లల్ని అడిగింది. అందులో ఏ శిక్షా పడలేదన్నవాళ్ళు తొమ్మండుగురు. తొమ్మిది వందలు కాదు, తొమ్మిది మంది! నూటికి ఎనభై మందికి పైగా పిల్లలు, మీకు చదువు రాదనే మాట పంతుళ్ళ దగ్గర విన్నామన్నారు. ఆ మాట మన వాడ పిల్లల దగ్గరికొచ్చేసరికి ఇంకో నాలుగు అక్షరాలు కలుపుకుంటుంది. "మీకెందుకురా చదువు" అవుతుంది.

మీరూ కాస్త కోప్పడకుండా వినండి. పిల్లోణ్ణి బళ్ళో వేసేటప్పుడు "కళ్ళు రెండూ వదిలేసి ఒళ్ళంతా మీ ఇష్టం సార్" అని మాకు చెప్పేది మీరే. దెబ్బ తింటేనే చదువొస్తుందన్న నమ్మకం మనకి దొరల పొలాల్లోనుంచి వచ్చింది. ఆ నమ్మకాన్ని మన పిల్లల వీపు మీదికి ఎక్కించొద్దు.

సరే, కౌన్సిలర్ల దగ్గరికొద్దాం. ఒక మిత్రుడు, ఉద్యమంలో నాకంటే పెద్దవాడు, "ఇదంతా కార్పొరేట్ బళ్ళ సోకు, మనకి కావలసింది భూమి, కూలి" అన్నాడు. ఆయన మాట సగం ఒప్పుకుంటా. ఈ శాస్త్రం మనలాంటి వాళ్ళకి కీడు కూడా చేసింది. అమెరికా సంగతి చెప్తా. కాలిఫోర్నియాలో బడి సైకాలజిస్టులు ఐ.క్యు. పరీక్షలు పెట్టి, మార్కు తగ్గినవాళ్ళని మందమతుల తరగతిలో వేసేవాళ్ళు. రాష్ట్రం బడుల్లో నల్లపిల్లలు నూటికి పదిమంది ఉంటే, ఆ మందమతుల తరగతుల్లో పాతికమంది దాకా ఉన్నారు. పరీక్ష ప్రశ్నలు తెల్లవాళ్ళ ఇళ్ళల్లోంచి పుట్టినవి. 1971లో శాన్‌ఫ్రాన్సిస్కో తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. లారీ పి. కేసంటారు దాన్ని. అప్పుడు ఆ పిల్లల తరపున నిలబడింది ఎవరనుకున్నారు? వాళ్ళూ సైకాలజిస్టులే. నల్లజాతి సైకాలజిస్టుల సంఘం వాళ్ళు ఆ పిల్లలకే మళ్ళీ పరీక్ష పెట్టారు. పిల్లలు మాట్లాడుకునే మాటల్లో, వాళ్ళకి తెలిసిన సంగతులతో అడిగారు. పిల్లలు ఆ గీత దాటిపోయారు. 1979లో జడ్జి ఆ పరీక్షలతో నల్లపిల్లల్ని అట్లాంటి తరగతుల్లో వెయ్యకూడదని తీర్పిచ్చాడు.

అంతకు ముందే కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే నల్లజాతి సైకాలజిస్టులు, మొగుడూ పెళ్ళాలు, ఇంకో పని చేశారు. 1940ల్లో మూడేళ్ళనుంచి ఏడేళ్ళ లోపు నల్లపిల్లల ముందు బొమ్మలు పెట్టారు. అన్నీ ఒకే అచ్చు, రంగొక్కటే తేడా. మంచి బొమ్మ ఏది అంటే ఎక్కువమంది తెల్లబొమ్మ చూపించారు. చెడ్డది ఏదంటే నల్లబొమ్మ. చివర్లో నీలాగా ఉన్నదేది అని అడిగితే కొందరు పిల్లలు ఏడ్చి గదిలోంచి లేచిపోయారు. నల్లవాళ్ళకి విడిగా బడులు పెట్టడం చెల్లదని 1954లో అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసులో చెప్పినప్పుడు, క్లార్క్ పరిశోధనని కూడా తీర్పులో చూపించింది. వాళ్ళు చూసింది పిల్లల మనసుల్లోకే. కానీ జబ్బు ఎక్కడుందంటే బడిని చూపించారు, చట్టాన్ని చూపించారు.

మనకి కావలసింది ఆ రకం మనిషి. కౌన్సిలర్ వద్దని నేననను. మనవాళ్ళ పిల్లలు హాస్టళ్ళలో రాత్రిళ్ళు దుప్పటి కప్పుకుని ఏడుస్తున్నారు. వాళ్ళకి వినే చెవి కావాలి. "నీకేమయింది" అని అడగడానికి ముందు "నిన్నేం చేశారు" అని అడిగే మనిషైతే మేలు. మన భాష తెలిసి, వెలివాడ ఎట్లా ఉంటుందో కళ్ళారా చూసినవాళ్ళయితే ఇంకా మేలు. మన పిల్లల్లో సైకాలజీ చదివినవాళ్ళున్నారు. ఉద్యోగాలు లేక ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముతున్నారు.

ఇప్పుడు ఇది అడుక్కునే సంగతి కాదు. విశాఖపట్నంలో నీట్ కోచింగుకి పోయిన ఒక ఆడపిల్ల 2023లో చనిపోయింది. ఆ తండ్రి సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2025 జూలై 25న కోర్టు ఆ కేసులో దేశంలోని బడులు, కాలేజీలు, కోచింగు సెంటర్లు, హాస్టళ్ళకి పదిహేను ఆదేశాలిచ్చింది. చట్టం వచ్చేదాకా ఇవే చెల్లుతాయంది. వందమంది లేక అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరన్నా ఉండాలి. అంతకు తక్కువున్నచోట బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. పంతుళ్ళతో పాటు మిగతా సిబ్బందికి కూడా ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా మెలగడం అందులో నేర్పాలి. కులం పేరుతో వేధిస్తే ఫిర్యాదు చేసే ఏర్పాటు గుట్టుగా ఉండాలి, ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష తీర్చుకుంటే ఊరుకోకూడదు. ఇవన్నీ అందులో ఉన్నాయి. మా బడిలో రెండువందల మందికి పైగా ఉన్నారు. మీ బడుల్లో ఎంతమందో హాజరు పట్టీ చూస్తే తెలుస్తుంది.

గుట్టుగా అన్నమాట నేను ఒత్తి చెప్పడానికి కారణముంది. తమిళనాడు తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో పన్నెండో తరగతి దళిత పిల్లోడు తోటి పిల్లల వేధింపులు పడలేక బడి మానేశాడు. పంతుళ్ళు పిలిచి అడిగారు. చెప్పాడు. రాసిచ్చాడు. ఆ రాత్రే, 2023 ఆగస్టు 9న, ఆ పిల్లలు కొడవళ్ళతో వాళ్ళింటికొచ్చి వాణ్ణి నరికారు. అడ్డమొచ్చిన చెల్లెల్నీ నరికారు. చెప్పమని అడిగినవాళ్ళు, చెప్పిన తర్వాత వాణ్ణి ఎవరు కాస్తారని ఆలోచించలా. పిల్లలిద్దరూ బతికారు. ఆ పిల్లోడు మరుసటేడు పరీక్ష రాసి 600కి 469 తెచ్చుకున్నాడు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కులం తెలిపే రంగు దారాలు చేతికి కట్టుకుని బడికి రాకూడదు, బడుల పేర్లలో కులం పేర్లు తీసెయ్యాలి, 500 మంది దాటిన పెద్ద బడులకి ఒక సంక్షేమ అధికారి ఉండాలి అంది. కులం కొట్లాటని పిల్లల కోపమని కొట్టిపారెయ్యకుండా కులమనే పేరుతోనే రాసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అట్లాంటి కమిటీ వెయ్యమని అడగాలని నా మనవి. సంఘం నాయకులు వేదిక మీదే ఉన్నారు, ఆలోచించండి.

మా పిల్లోడి సంగతి మధ్యలో వదిలేశా. వాళ్ళమ్మ వచ్చిపోయిన తర్వాత వారం రోజులు నాకు తరగతిలోకి పోవాలంటే కాళ్ళు ఆడలా. ఒక సోమవారం పొద్దున పాఠం మొదలుపెట్టకముందే, "ఆ రోజు నేను మిమ్మల్ని కులం పేరుతో లేవమన్నా. తప్పు నాది. ఒకణ్ణి కొట్టా కూడా. అదీ తప్పే" అని పిల్లలందరికీ చెప్పా. కొందరు నవ్వారు. వాడు తలెత్తలా. ఇప్పుడు స్కాలర్‌షిప్ కాగితాలు ఒక్కొక్కళ్ళనీ స్టాఫ్ రూముకి పిలిచి నింపుతున్నా. టైము పడుతుంది. పడనీ. అన్నం వరసలో రోజూ నేనే నిలబడుతున్నా, పిల్లలతోపాటు అదే అన్నం తింటున్నా. ఎగతాళి చేసిన పిల్లల ఇళ్ళకి పోయా. ఒకింట్లో కూచోమన్నారు, ఒకింట్లో వాకిట్లోనుంచే పంపేశారు. కౌన్సిలరమ్మాయికి ఫోను చేసి జరిగిందంతా చెప్పా. కాసేపు మాట్లాడలా. తర్వాత "ఆ కాగితం మార్చి రాస్తా సార్" అంది. రాసింది కూడా. వాడు నాతో ముభావంగానే ఉంటాడు. లెక్క అడిగితే చెప్తాడు, అంతే.

చివరిగా ఒకటి రెండు పనులు. రాత్రిపూట పిల్లలు మరీ దిగులుగా ఉన్నా, చచ్చిపోతానన్నా తేలిగ్గా తీసుకోవద్దు. 14416కి ఫోను చెయ్యండి. టెలి మానస్ అంటారు, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. పిల్లల్ని ఎవరన్నా కొడుతున్నా, హింసిస్తున్నా 1098. ఈ రెండు నంబర్లూ గోడమీద బొగ్గుతో రాసిపెట్టుకోండి.

వచ్చే సోమవారం పదిగంటలకి స్కూలు కమిటీ మీటింగుంది. సుప్రీంకోర్టు ఆదేశం నకలు జోడించి ఒక అర్జీ రాశాం. బడికి కౌన్సిలర్ కావాలి, తరగతిలో కులం పేరుతో లేపకూడదు, ఫిర్యాదు పెట్టె తాళంచెవి హెడ్మాస్టరు దగ్గర ఒక్కటే ఉండకూడదు, ఒకటి తల్లుల్లో ఒకరి దగ్గర ఉండాలి, ఇవీ అందులో అడిగినవి. అర్జీ ఆ బల్లమీద ఉంది. ఆ పిల్లోడి తల్లి మొదటి వేలిముద్ర వేసింది. మిగతావాళ్ళు పోయేముందు చదివించుకుని వెయ్యండి, చదవకుండా వెయ్యొద్దు. మగవాళ్ళు కూలిపని ఉందంటే ఆడవాళ్ళన్నా మీటింగుకి రండి.

జై భీమ్.